గడ్డపార ఎవరి చేతిలో ఉండింది

నిరుడు నేను చదువుకున్న హైస్కూలులో పాత విద్యార్థుల సభ జరిగింది. నాకంటే ముందు చదివిన పెద్దమనిషి ఒకాయన వేదిక మీద మా కాలపు సంఘసేవా దళం గురించి మాట్లాడుతూ దిగుడుబావి గొడవను గుర్తుచేశాడు. మాలపేట పిల్లవాడొకడు ఆవేశపడి గడ్డపారతో ఒక రైతు కాలు విరగ్గొట్టాడనీ, దానితో ఊరంతా తలలు పగలగొట్టుకుందనీ, పాపం డ్రిల్లు మాస్టరు ఉద్యోగం పోయిందనీ, ఆనాటితో మా బడిలో దళమే లేకుండా పోయిందనీ చెప్పాడు. జనం అయ్యో అన్నారు. నేను మూడో వరుసలో కూర్చుని ఉన్నాను. ఆయన చెప్పినదాంట్లో రైతు కాలు విరిగిన మాట నిజం. విరగ్గొట్టింది నేను.

ఆ రోజు లేచి ఆ మాట అనలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయిన కొత్తలు. శ్రమదానం అనే మాట అప్పుడే ఊళ్ళకు పాకుతోంది. మా బడి ఆలూరు వైపు ఉండేది. మా డ్రిల్లు మాస్టరు బర్మా యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. వరుసలో అడుగు తప్పితే పిక్కల మీద బెత్తంతో కొట్టేవాడు. చర్మం కమిలి లేచేది. ఆయన మీద మాకు కోపం ఉండేది కాదు. ఇంట్లో నాయన కొట్టేవాడు, బడిలో అయ్యవార్లు కొట్టేవాళ్ళు, సందు దొరికితే మేము ఒకర్నొకరం కొట్టుకునేవాళ్ళం. సాయంత్రం చెడుగుడు ఆడేది గులకరాళ్ళ నేల మీద. కూతకొచ్చినవాణ్ణి నేలకు వేసి రాయడమే మా ఆట. నా కింది పన్ను ఒకటి ఆ బరిలోనే ఊడింది. ఊడగొట్టినవాడి గురించే ఇప్పుడు చెప్పాలి.

అతను మా అమ్మ పుట్టిన ఊరి మాలపేట వాడు. తాతల కాలం నుంచి క్రైస్తవులు. మిషను వాళ్ళ హాస్టల్లో ఉండి మా బడికి వచ్చేవాడు. అతని తండ్రి మా మేనమామ ఇంట్లో జీతగాడు. అంటే ఏడాదికింత ధాన్యమని, మామ పశువుల దగ్గరా చేలలోనూ చాకిరీ చేసేవాడు. కొడుకు ఐదో ఫారం పూర్తి చేశాడు. ఆ పేటలో అంతవరకూ ఎవరూ అంత చదవలేదు. ఆరో ఫారం గట్టెక్కితే మిషను బడిలో అయ్యవారుగా పెట్టుకుంటామని పాదిరి మాట ఇచ్చి ఉన్నాడు. ఆ ఉద్యోగం వస్తే మొదట చేసే పని తండ్రిని మా మామ గాటి చాకిరీ నుంచి తప్పించడమని అతను దాచుకోకుండా చెప్పేవాడు. ఒకసారి నాతోనే అన్నాడు.

"మా నాయన మీ మామ ఎద్దుల కంటే ముందు లేస్తాడప్పా. ఇంగ ఒక్క ఏడు. ఆరో ఫారం అయిపోతే ఎద్దులే ముందు లేసల్ల."

బడిలో నన్ను అప్పా అనేవాడు. మామ ఊళ్ళో అడుగు పెడితే సామీ అనేవాడు. ఆటలో మాత్రం నన్ను పడేసేటప్పుడు ఏమీ అనేవాడు కాదు. జట్టుకు అతనే నాయకుడు. నాకది మింగుడుపడేది కాదు.

ఐదో ఫారం పరీక్షలయ్యాక ఎండాకాలంలో మాస్టరు ఒక పని తలపెట్టాడు. మా మామ ఊళ్ళో తాగేనీళ్ళకు ఒకే ఒక దిగుడుబావి. ఆడవాళ్ళు మెట్లు దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి కడవ ముంచుకునేవాళ్ళు. ఆ ఊళ్ళో నారికురుపు లేని ఇల్లు లేదు. కాలి మీద బొబ్బ లేచి, పగిలి, అందులోంచి తెల్లటి నారలాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజుకింత లాగేవాళ్ళు. తొందరపడి లాగితే లోపల తెగేది. తెగితే కాలు ఉబ్బి, చీము పట్టి, మనిషి మంచానికి అంటుకుపోయేవాడు. మా అత్త ఆ నొప్పికి పలుపుతాడు పళ్ళ మధ్య కొరికిపట్టుకోవడం నేను చూశాను. కురుపు కాలితో నీళ్ళలో దిగినవాళ్ళ నుంచి పురుగు నీళ్ళలోకి పోతుందనీ, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు మళ్ళీ వస్తుందనీ, మెట్లు మూసేసి పైన గిలకలు పెట్టి చేదుకుంటే జబ్బే ఉండదనీ ఆరోగ్యశాఖ ఉద్యోగి వచ్చి మా బడిలో చెప్పాడు. మెట్లకు అడ్డంగా గోడ కట్టే పని మా దళానికి వచ్చింది.

పని మంచిది. ఊరే అలాంటిది కాదు.

ఆ ఊళ్ళో తూర్పు వీధి మా మామది, పడమటి వీధి ఇంకొకాయనది. నేను పుట్టకముందే మా తాత చేని గట్టు మీద తల తెగి పడ్డాడు. మరుసటేడు సంత నుంచి తిరిగివస్తున్న వాళ్ళ పెద్దాయన ఇల్లు చేరలేదు. బండి మాత్రం ఎద్దులే లాక్కొచ్చాయి, పలకలు నెత్తుటితో తడిసి. అప్పటినుంచి ఆ ఊళ్ళో ఎవడు ఎవరి మనిషి అనేది తెలుసుకోవడానికి ఒకటే గుర్తు. ఎవరింట్లో కూడు తింటే వాళ్ళ మనిషి. రెండు వీధులకూ కావలసిన వాడెవడైనా వస్తే ఒక పూట ఇటు తిని ఒక పూట అటు తినాలి. లేదంటే రెండూ వదిలి దూదేకుల వాళ్ళింట్లో తినాలి. ఎద్దుల బేరగాడు కూడా ఈ కట్టు తప్పేవాడు కాదు.

ఈ సంగతి ఎవరో మాస్టరుకు చెప్పారు. ఆయన కడప వాడు, అయినా అర్థం చేసుకున్నాడు. మేము ఊళ్ళో దిగిన సాయంత్రమే నన్ను పిలిచి, పగటి కూడు మీ మామ ఇంట్లో, రాత్రి కూడు పడమటి వీధిలో, ఆ పెద్దను అడిగిరా అని పంపాడు. అడగకుండా వాళ్ళంతట వాళ్ళు రమ్మనరనీ, దళంలో నేను మామ వైపు వాణ్ణి కాబట్టి నేనే పోయి అడిగితే మర్యాదగా ఉంటుందనీ ఆయన ఆలోచన. తెలివైన ఆలోచనే.

నేను పడమటి వీధి మొదటి దాకా పోయాను. అరుగు మీద ఆ వీధిపెద్దకు తమ్ముడు కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ళ మనిషి, మెడ చుట్టూ తువ్వాలు. నన్ను చూశాడు. లేవలేదు, రమ్మనలేదు, పొమ్మనలేదు. మా తాత ప్రాణం తీసిన వాళ్ళ ఇంటి ముందు నిలబడి అన్నం అడగాలి. వెనక్కి తిరిగాను.

మాస్టరుతో, "పెట్టం అన్నారు సార్" అన్నాను.

ఆయన కాసేపు నా ముఖం చూసి, సరే, వాళ్ళిష్టం అన్నాడు. ఆనాటి నుంచి రెండు పూటలూ దళమంతా మా మామ పంచలో బంతి తీరి జొన్న సంగటి తిన్నది. మామ పొట్టేలును కోయించాడు. మాస్టరు వద్దంటున్నా మా అత్త వడ్డించింది. మా చెడుగుడు నాయకుడొక్కడు మాత్రం మాలపేటకు పోయి ఇంట్లో తినివచ్చేవాడు. మా పంచలో అతనికి ఆకు వేసేవాళ్ళు కాదు గదా. అలా ఆ రోజుల్లో మా దళంలో ఏ వీధికీ చెందనివాడు అతనొక్కడే అయ్యాడు. దీన్ని నేను గమనించింది చాలా ఏళ్ళ తరవాత.

అతను బావిలో దిగడం మీద మొదటిరోజు గొణుగుడు లేచింది. మాల పిల్లవాడు మంచినీళ్ళ బావి మెట్లు తొక్కడమా అని. మాస్టరు, నా పిల్లలంతా దిగుతారు, లేదంటే ఒక్కడూ దిగడు అన్నాడు. రెండు వీధుల్లోనూ కురుపులతో మూలుగుతున్నవాళ్ళు ఉన్నారు. పని అయ్యాక బావికి శుద్ధి చేయించుకుంటే సరిపోతుందని మామ తేల్చాడు. పడమటి వీధి కూడా ఊరుకుంది. రాళ్ళు మోయడంలో మాలో అతనికి సాటి లేరు. మేమిద్దరం కలిసి ఎత్తే రాయిని అతనొక్కడే భుజాన వేసుకుని మెట్లు దిగేవాడు.

గోడ నడుము ఎత్తుకు వచ్చింది. మెట్లు దిగేది పడమటి వైపు నుంచే. గిలకలు ఇంకా రాలేదు. ఆ పొద్దున పడమటి వీధి ఆడమనిషి ఒకామె కడవతో దిగబోతే, సున్నం పచ్చిగా ఉంది, తొక్కవద్దమ్మా అని మా వాళ్ళు ఆపారు. ఆమె వట్టి కడవతో వెనక్కి పోయింది. బావి నుంచి వట్టి కడవతో పంపడమంటే ఆ కరువు నేలలో చెంపదెబ్బతో సమానం. ఆమె ఆ వీధిపెద్ద తమ్ముడికి భార్య అని మాకు తెలియదు.

కాసేపటికి ఆ తమ్ముడే వచ్చాడు. వెంట మనుషులు బావి చుట్టూ నిలిచారు. మాస్టరు సున్నం గానుగ దగ్గర ఉన్నాడు. బావి లోపల గోడ దగ్గర మేము కొద్దిమందిమే. తమ్ముడు మెట్లు దిగుతూనే మాట్లాడాడు. అరవలేదు.

"మీరు వచ్చిన పొద్దే మా ఇంట్లో బియ్యం దంచి, పొట్టేలును కట్టేసి పెట్టుకున్యాం. ఒక్క నా కొడుకన్నా వచ్చి అడిగినాడా? ఆ ఈది కూడు తిని, ఈడ మా దావకు గోడ కడతాండారా?"

అతని కళ్ళు నా మీద ఆగాయి. వీధి మొదట నిలబడి తిరిగిపోయినవాణ్ణి గుర్తుపట్టాడు. ఇంకేదో అనబోయాడు. నేను పోయి అడగలేదన్న మాట అందరి ముందూ బయటికి వస్తుందని నాకు తోచింది. అతను ఆ మాట అనకుండానే కాలితో గోడను తన్నాడు. పచ్చి గోడ. పైవరస రాళ్ళు దొర్లి నీళ్ళలో పడ్డాయి. తన్నిన కాలు ఇంకా దింపలేదు. నా చేతిలో గడ్డపార ఉంది. మోకాలి కింద కొట్టాను.

ఎముక విరిగిన చప్పుడు బావిలో పెద్దగా వినిపించింది. అతను మెట్ల మీద కూలబడ్డాడు. పాదం పక్కకు తిరిగిపోయింది. రెండోసారి ఎత్తాను. ఎందుకెత్తానో చెప్పలేను. అంతకుముందు ఎవరినీ అలా కొట్టాలనిపించలేదు, ఆ క్షణాన మాత్రం ఆపాలనిపించలేదు. ఈసారి తల మీదికి. ఆ గడ్డపార కిందికి దిగకముందే వెనకనుంచి రెండు చేతులు దాన్ని పట్టి గుంజుకున్నాయి. చెడుగుడు ఆడే చేతులు. నేను గోడకు కొట్టుకున్నాను. తమ్ముడి అరుపు విని పైనున్నవాళ్ళు లోపలికి తొంగిచూసేసరికి వాళ్ళకు కనిపించింది ఇది: కాలు విరిగి పడిన వాళ్ళ మనిషి, అతని మీద గడ్డపార పట్టుకుని నిలబడిన మాల పిల్లవాడు.

అప్పుడు రాళ్ళు మొదలయ్యాయి. మేము మోసి తెచ్చి గట్టున పేర్చిన రాళ్ళే. బావిలో ఉన్నవాడికి ప్రతి రాయీ రెండుసార్లు తగులుతుంది, నేరుగా ఒకసారి, గోడకు కొట్టుకుని మళ్ళీ ఒకసారి. మాలో ఒకడి చెయ్యి మణికట్టు దగ్గర వేలాడింది. ఇంకొకడి నెత్తి చీలి రక్తం కళ్ళలోకి కారి, దారి తెలియక నీళ్ళలోకి నడిచాడు. మా జట్టు నాయకుడు గడ్డపార పారేసి, పడమటి వాళ్ళ రాళ్ళే తగలకుండా ఆ తమ్ముణ్ణి గోడ చాటుకు లాగాడు. మాస్టరు నెత్తిన ఇనుప బొచ్చె పెట్టుకుని ఆ రాళ్ళలోంచే మెట్లు దిగివచ్చాడు. మమ్మల్ని ఒక్కొక్కరినీ ఆ బొచ్చె కింద పైకి చేర్చాడు. ఆఖరివాణ్ణి చేర్చేటప్పుడు ఆయన దవడకు రాయి తగిలింది. దవడ ఒక పక్కకు జారి నోరు మూతపడలేదు. నాలుక బయటికి వచ్చి, రక్తంతో కలిసిన చొంగ చొక్కా మీద కారుతోంది. అయినా వేలితో మమ్మల్ని లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు.

ఈలోగా మా మామ మనుషులు ఈటెలతో వచ్చారు. గట్టు మీద జరిగినదంతా నేను చూడలేదు. చూసినంతవరకూ చెబుతాను. ఒకడు తెగిన చెవిని అరచేత్తో పట్టి అదుముకుంటూ కొట్లాడుతున్నాడు. ఒకడి కంట్లో ఈటె మొన దిగింది. పడమటి వీధి ముసలాయన భుజం మీద కొడవలి పడి తెల్లటి ఎముక కనిపించింది. ఆ ముసలాయన కింద కూర్చుని ఆ ఎముక వైపే చూసుకుంటున్నాడు. కానీ ఎవరి తలా పోలేదు. తల పోకపోతే ఆ సీమలో రాజీకి చోటుంటుంది.

మర్నాడు మామ నన్ను పశువుల కొట్టంలోకి పిలిచాడు.

"అల్లుడా, బావిలో ఉన్నింది నువ్వు. ఆ కాలు ఇరగ్గొట్టింది మాలోడేనా?"

నేను నిజం చెప్పాను. ఆ ఒక్కచోటా చెప్పాను. కొట్టం చివర జీతగాడు, అంటే అతని తండ్రి, ఎద్దులకు మేత వేస్తున్నాడు. మామ అతన్ని బయటికి పొమ్మన్నాడు. తరవాత గొంతు తగ్గించాడు.

"ఈ మాట ఇంగ నీ నోట్లోంచి రాగూడదు. నువ్వని తెలిస్తే కాలుకు కాలు అడుగుతారు. నా అక్క కొడుకును కుంటోన్ని చేసుకునేకి నేను ల్యా. మాలోడు ఏ పార్టీ మనిషీ గాదు. వాడంటే వాళ్ళకూ పరువు పోదు, మనకూ పోదు."

రాజీ పీర్ల చావిడి ముందు కూర్చుంది. పీర్ల ఎదుట రెండు వీధులూ అబద్ధం ఆడవని ఆ ఊరి నమ్మకం. పక్క ఊరి పెద్ద ఒకాయన మధ్యస్థం. తమ్ముణ్ణి నులకమంచం మీద మోసుకొచ్చారు, కాలికి వెదురు దబ్బలు కట్టి. మాస్టరు బళ్ళారి ఆస్పత్రిలో ఉన్నాడు. ఉన్నా మాట్లాడే స్థితిలో లేడు. మాల పిల్లవాణ్ణి మధ్యలో నిలబెట్టారు. పేట నుంచి అతని వెంట ఎవరూ రాలేదు, తండ్రి తప్ప. రెండు వీధుల వాళ్ళూ తరాల తరవాత మొదటిసారి ఒకే మాట మీద ఉన్నారు. మాలవాణ్ణి బావిలో దిగనియ్యడమే తప్పు అని.

మధ్యస్థుడు అడిగాడు, నువ్వేనా కొట్టింది అని.

"నేను కొట్టల్య సామీ."

"మరి ఎవరు?"

అతను తండ్రి వైపు చూశాడు. తండ్రి కూడు మా మామ ఇంట్లో ఉంది. ఆయన ముందర ఆయన అల్లుడి పేరు ఎలా చెబుతాడు? మధ్యస్థుడు నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, నువ్వు ఆడనే ఉంటివి గదా. నువ్వు సూసింది సెప్పు. గడ్డపార ఎవరి చేతిలో ఉన్నింది?"

"అతని చేతిలో" అన్నాను.

అందులో అబద్ధం లేదని ఆ రాత్రీ, ఆ తరవాత చాలా రాత్రులూ నాకు నేను చెప్పుకున్నాను. పీర్లకు కూడా అలాగే చెప్పుకున్నాను.

తీర్పు ఏమిటంటే అతన్ని తండ్రే కొట్టాలి. పడమటి వాళ్ళు కొడితే మిషను వాళ్ళు పోలీసులకు పోతారు. కన్నతండ్రి కొడితే కేసు లేదు. ఆ ఉపాయం ఎవరిదో నాకు తెలియదు కానీ మా మామ మాట తీరు అందులో ఉంది. తండ్రి చేతికి చర్నాకోల ఇచ్చారు. మొదటి దెబ్బలు మెత్తగా పడ్డాయి. పడమటి వాళ్ళలో ఒకడు నవ్వాడు.

"ఏమప్పా, దూడను అదిలిస్తాండావా?"

మామ తల ఊపాడు. అప్పుడు తండ్రి కొట్టాడు. కళ్ళు మూసుకుని కొట్టాడు, అందుకే దెబ్బ ఒకచోట పడలేదు. మెడ మీద, చెవి మీద, పిర్రల మీద. చొక్కా చీలింది, చర్మం చీలింది. అతను కింద పడితే లేపి నిలబెట్టారు. అతను ఏడవలేదు. దెబ్బ దెబ్బకీ తల తిప్పి నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఎవరో రావలసినవాళ్ళ కోసం దారి చూసినట్టు.

"సాలు" అని మంచం మీద నుంచి తమ్ముడు అన్నాడు. "ఇంగ సాలు, ఆపండప్పా."

అతను కూడా నన్నే చూస్తున్నాడు. నా ముఖాన్ని బావిలో మూరెడు దూరం నుంచి చూసినవాడు. నిజం తెలిసి, రాజీ కావాలి కాబట్టి మింగినవాడు. ఆ ఊళ్ళో ఆ పూట నిజం తెలియని మనిషి మధ్యస్థుడొక్కడేనేమో.

బడి తెరిచిన రోజు అతను వచ్చాడు. ఉతికిన చొక్కా, నూనె రాసి దువ్విన తల. ఆరో ఫారం గది ముందు వసారాలో నిలబడ్డాడు. పేరు తీసేశారని హెడ్మాస్టరు చెప్పాడు. బడి కమిటీలో మా మామ స్నేహితులు ఉన్నారు. అతను కదలలేదు. ఒక్క ఏడు సార్, ఎనకాల కూకుంటా సార్ అంటున్నాడు. బంట్రోతు మెడ పట్టి గేటు దాకా నెట్టుకుపోయాడు. వీపున మానని పుండ్లు చొక్కాకు అంటుకుని ఉన్నట్టున్నాయి, నెట్టినప్పుడు చిట్లాయి. తెల్లచొక్కా వెనక అక్కడక్కడా ఎర్రబడుతూ పోవడం మా క్లాసంతా కిటికీలోంచి చూసింది. ఆ ఏడు చెడుగుడు జట్టుకు నన్ను నాయకుణ్ణి చేశారు.

మాస్టరు వంకర దవడతో ఒకసారి బడికి వచ్చాడు, తన సామాను తీసుకుపోవడానికి. పిల్లల్ని పార్టీల్లోకి దింపాడని ఆయన్ను తీసేశారు. నన్ను పక్కకు పిలిచి, మాట కూడదీసుకుంటూ, ఆ రోజు పడమటి వీధికి పోయినావా అని అడిగాడు. పోయినాను సార్ అన్నాను. బెత్తం దెబ్బకు వెన్ను బిగించుకున్నాను. ఆయన కొట్టలేదు. పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మెట్ల గోడ ఎవరూ పూర్తి చేయలేదు. నారికురుపు ఆ ఊళ్ళో ఇంకా చాలా ఏళ్ళు కాళ్ళు తిన్నది. రాజీ కూడా ఎంతోకాలం నిలవలేదు. మరో గొడవలో ఆ తమ్ముడూ చచ్చాడు, మా మామ వైపు వాళ్ళూ చచ్చారు. మామ మాత్రం మంచం మీదే పోయాడు.

సభ అయిన నెలకు పేటలో చర్చి చూసుకునే ముసలాయన్ను అడిగి అతను ఎక్కడున్నాడో తెలుసుకున్నాను. బడి వదిలాక కడప జిల్లాకు పోయి, పులివెందుల వైపు ఆస్బెస్టాస్ రాతినార గనుల్లో కూలికి చేరాడట. అక్కడే పెళ్ళి, అక్కడే ఇల్లు. బస్సు దిగి వెతుక్కుంటూ పోయాను. రేకుల ఇల్లు. గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆ భుజాలు లేవు. గనుల దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మాటకు మాటకూ మధ్య దగ్గు వస్తోంది. నన్ను గుర్తుపట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఏమప్పా, నువ్వా. కూకో."

నేను కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాను, కొట్టింది నేనని, పీర్ల చావిడి ముందు నేనన్న మాట గురించి. అతను చెయ్యెత్తి ఆపాడు.

"నాకు సెప్పేదేముండాది? నాకు తెలియందా? మా పాపకు సెప్పు. వాళ్ళ నాయన బడిలో ఎవరి కాలో ఇరగ్గొట్టి ఈడికి పారిపోయి వచ్చినాడని ఎవరో అంటే ఇంటికొచ్చి ఏడ్సింది."

పదో తరగతి చదివే కూతురు లోపలినుంచి వచ్చి గడప మీద కూర్చుంది. ఆ పిల్లకు నేను మొదటినుంచీ చెప్పాను. కూడు అడగడానికి పోకుండా తిరిగివచ్చినది కూడా చెప్పాను. అయ్యాక ఒకటే అడిగింది.

"నిజం సెప్పింటే మీ కాలు నరికేటోళ్ళా?"

నరికేవాళ్ళమ్మా అన్నాను. ఇన్నేళ్ళూ నన్ను నిలబెట్టినది ఆ ఒక్క మాటే. పదిహేడేళ్ళ పిల్లవాణ్ణి, కాలు పోతుందని భయపడ్డాను, ఎవరైనా భయపడతారు అని.

అతను దగ్గు ఆగేదాకా ఆగి, కూతురితో అన్నాడు.

"నరికేటోళ్ళు గాదు పాపా. రాజీకి ముందర పొద్దు పడమటోళ్ళు మనిషిని పంపినారు. కాలు ఇరగ్గొట్టింది మీ అల్లుడే అని మాకు తెలుసు, బావి కాడి చేను ఎకరా రాసిస్తే మర్సిపోతాం అని. మా నాయన ఆడనే ఎద్దుల కాడ ఉన్యాడు, విన్యాడు. ఈయప్ప వాళ్ళ మామ, ఎకరా ఇయ్యను, ఇంగో దావ ఉండాది అన్యాడంట. అంతే."

అతను నా వైపు చూడలేదు. నన్ను బాధపెట్టాలని అన్న మాట కాదు. కూతురికి లెక్క సరిచేస్తున్నాడు.

నేను తిరిగి బస్సెక్కాను. నేను మా మామ కూతుర్నే చేసుకున్నాను. ఆయనకు కొడుకులు లేరు. బావి దగ్గరి చేను ఆమెతో పాటు మా ఇంటికి వచ్చింది. ఈ ఏడు దాంట్లో వేరుశనగ వేశాం. ఆ సంగతి అక్కడ, ఆ గడప ముందు నిలబడి, చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.